గడ్డను చూడకుండానే గడ్డకట్టే సమయం చెప్పే మీటరు: కోయాగుచెక్ ఎక్స్‌ఎస్‌తో రెండేళ్లు

నా భార్యకు చిన్నతనంలో వచ్చిన కీళ్లవాతపు జ్వరం గుండె వాల్వును పాడు చేసిందన్న సంగతి ఆమెకు నలభై ఏళ్లు దాటాక గానీ బయటపడలేదు. మైట్రల్ వాల్వు స్థానంలో మెకానికల్ వాల్వు అమర్చిన నాటి నుంచి ఆమె రోజూ రాత్రి భోజనానికి ముందు ఎసినోకూమరాల్ మాత్ర వేసుకుంటోంది. అందరూ దీన్ని రక్తం పల్చబడే మాత్ర అంటారు గానీ, రక్తం చిక్కదనాన్ని అది ఏమాత్రం మార్చదు. గడ్డ కట్టడానికి పట్టే సమయాన్ని పెంచుతుంది, అంతే. మందు చాలకపోతే వాల్వు మీద గడ్డ కట్టి, అది మెదడు దాకా కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. ఎక్కువైతే పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి వచ్చే రక్తం కూడా ఓ పట్టాన ఆగదు. ఈ రెండింటికీ మధ్య ఉన్న సన్నని దారిని చూపేది ఐఎన్‌ఆర్ అనే అంకె, అంటే గడ్డ కట్టడానికి మామూలు కంటే ఎంత ఎక్కువ సమయం పడుతోందో చెప్పేది. మా ఆవిడకు అది 2.5 నుంచి 3.5 లోపు ఉండాలని డాక్టరు చెప్పారు.

ఆ అంకె కోసం చాలా ఏళ్ల పాటు నెలకొకసారి, ఒక్కోసారి రెండు వారాలకొకసారి, గుంటూరులో ల్యాబ్‌ల చుట్టూ తిరిగాం. ప్రతిసారీ మోచేతి దగ్గర సూది గుచ్చడం, నరం దొరకక మణికట్టు దాకా వెతకడం, సాయంత్రం రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూడటం మామూలైపోయింది. రెండేళ్ల క్రితం మా అబ్బాయి రోష్ కంపెనీ వారి కోయాగుచెక్ ఎక్స్‌ఎస్ అనే చేతి మీటరు కొని ఇచ్చాడు. రసాయనశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ని కాబట్టి, దాన్ని వాడటంతో ఊరుకోకుండా అది ఎలా పనిచేస్తుందో కూడా ఓపికగా చదివాను. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి ఈ రెండూ తెలియాలన్నది నా అభిప్రాయం. ఎందుకంటే ఈ మీటరును ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో దాని పని తీరులోనే ఉంది.

ముందు వాడకం సంగతి. మీటరు అరచేతిలో ఇమిడే సైజు, మామూలు సన్న పెన్సిల్ బ్యాటరీలు నాలుగు పడతాయి. రక్తపు చుక్క వేసే సన్నని పట్టీలు, అంటే స్ట్రిప్పులు, ఉండే డబ్బాతో పాటు చిన్న కోడ్ చిప్ ఒకటి వస్తుంది. డబ్బా మారినప్పుడల్లా పాత చిప్ తీసి కొత్తది పెట్టాలి, తెర మీద కనిపించే కోడ్ డబ్బా మీది కోడ్‌తో సరిపోయిందో లేదో చూసుకోవాలి. స్ట్రిప్ దూర్చగానే మీటరు దాన్ని కాసేపు వేడి చేసి, రక్తపు చుక్క బొమ్మను మిణుకుమిణుకుమనిపిస్తూ 180 నుంచి కిందికి లెక్కపెడుతుంది. ఆ 180 సెకన్లలోగా చుక్క వేయాలి. కావలసిన రక్తం 8 మైక్రోలీటర్లే. మరో నిమిషానికి అంకె తెర మీద ఉంటుంది.

చెప్పినంత తేలిక కాదు. వేలు గుచ్చిన 15 సెకన్లలోపు మొదటి చుక్కే స్ట్రిప్పుకు తగలాలి, ఆ చుక్క పెద్దదిగా ఉండాలి, చాలలేదని పైన ఇంకో చుక్క వేయకూడదు. మొదటి నెలలో నేను ఈ మూడు నియమాలనూ తప్పి నాలుగు స్ట్రిప్పులు వృథా చేశాను. చుక్క రాలేదన్న కంగారులో వేలి కొసను గట్టిగా పిండాను. అలా పిండితే రక్తంతో పాటు కణజాలపు ద్రవం కలిసి వచ్చి, గడ్డకట్టే ప్రక్రియ వేలి దగ్గరే మొదలైపోతుందని తర్వాత అర్థమైంది. చివరికి ఆ పని ఆమే తన చేతుల్లోకి తీసుకుంది. "ఏమండీ, మీరు పక్కన కూర్చుని గడియారం చూడండి చాలు, గుచ్చడం నేను చూసుకుంటాను" అని, గోరువెచ్చని నీళ్లతో చేతులు కడుక్కుని, పూర్తిగా తుడుచుకుని, ఎడమ చెయ్యి ఓ నిమిషం కిందికి వేలాడదీసి, ఉంగరపు వేలి పక్క భాగాన గుచ్చుకుంటుంది. చుక్క మినపగింజంత ఉబ్బగానే స్ట్రిప్ అంచుకు ఆనిస్తుంది. అప్పటి నుంచి ఒక్క స్ట్రిప్పూ పాడవలేదు.

ఇక స్ట్రిప్ లోపల జరిగేది. రక్తం గడ్డ కట్టడమంటే ఫైబ్రినోజెన్ అనే కరిగి ఉండే ప్రోటీను ఫైబ్రిన్ అనే కరగని దారాలుగా మారడం. ఫైబ్రినోజెన్ భారీ అణువు, దాని అణుభారం దాదాపు 3,40,000. థ్రాంబిన్ అనే ఎంజైము దాని నుంచి కోసి పారేసేది నాలుగు చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) ముక్కల్ని మాత్రమే: 16 అమైనో ఆమ్లాల పొడవున్న ఫైబ్రినోపెప్టైడ్-ఏ ముక్కలు రెండు, 14 అమైనో ఆమ్లాల ఫైబ్రినోపెప్టైడ్-బి ముక్కలు రెండు. మొత్తం అణువు బరువులో ఇవి రెండు శాతం కూడా ఉండవు. అయినా ఇవి ఊడిపోనంత కాలం మన రక్తనాళాల్లో లీటరుకు 2 నుంచి 4 గ్రాముల ఫైబ్రినోజెన్ నిశ్చింతగా తిరుగుతూనే ఉంటుంది; ఊడిపోయిన కాసేపటికే అది వలగా అల్లుకుపోతుంది.

ఇంత చిన్న ముక్కలకు అంత పట్టు ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పాల్సి వస్తే నేను చొక్కా గుండీలు, కాజాలతో చెబుతాను. ప్రతి ఫైబ్రినోజెన్ అణువుకూ కాజాలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గుండీల మీద మాత్రం ఈ పెప్టైడ్‌లు తొడుగుల్లా కప్పి ఉంటాయి. పైగా ఈ తొడుగుల్లో ఆమ్ల స్వభావం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ. ఫైబ్రినోపెప్టైడ్-ఏలోని 16 లో నాలుగు అలాంటివే. వాటి రుణావేశాల వల్ల ఒక అణువు ఇంకో అణువును దగ్గరికి రానివ్వదు. థ్రాంబిన్ వచ్చి ఆర్జినీన్ తర్వాత ఉన్న బంధాన్ని కోయగానే తొడుగు ఊడిపోయి, గ్లైసీన్-ప్రోలీన్-ఆర్జినీన్ అనే వరుసతో మొదలయ్యే గుండీ బయటపడి, పక్క అణువు కాజాలో కూర్చుంటుంది. ముందు ఫైబ్రినోపెప్టైడ్-ఏ ముక్కలు ఊడి సన్నని జంట దారాలు ఏర్పడతాయి. బి ముక్కలు కాస్త నిదానంగా ఊడుతుంటే ఆ దారాలు పక్కపక్కన చేరి లావెక్కుతాయి. ఈ గుండీ లెక్క ఊహ కాదు. 1978లో లౌడానో, డూలిటిల్ అనే శాస్త్రవేత్తలు గ్లైసీన్-ప్రోలీన్-ఆర్జినీన్-ప్రోలీన్ అనే నాలుగు అమైనో ఆమ్లాల కృత్రిమ పెప్టైడ్‌ను కలిపితే ఫైబ్రిన్ అల్లుకోవడం ఆగిపోతుందని చూపించారు. కాజాలో ముందే వేరే గుండీ దూర్చి కూర్చుంటే అసలు గుండీకి చోటెక్కడిది?

థ్రాంబిన్ ఆ 16 అమైనో ఆమ్లాల ముక్కను ఎలా గుర్తుపడుతుందో తెలుసుకున్నాక, స్వీడన్ శాస్త్రవేత్తలు 1970ల నాటికి ఆ గుర్తింపునే పరీక్షగా మలిచారు. ఫైబ్రినోపెప్టైడ్-ఏలో 8వ స్థానంలోని ఫీనైల్‌అలనీన్, 15వ స్థానంలోని వాలీన్, 16వ స్థానంలోని ఆర్జినీన్ థ్రాంబిన్ పట్టుకు ముఖ్యమైనవి. ఆ మూడింటినీ వరుసగా కూర్చి, చివర పారానైట్రోఅనిలీన్ అనే పదార్థాన్ని తగిలించారు. థ్రాంబిన్ ఈ బొమ్మ పెప్టైడ్‌ను అసలుదనుకుని కోస్తే పసుపు రంగు విడుదలవుతుంది. రంగు ఎంత వేగంగా పెరిగితే థ్రాంబిన్ అంత ఉన్నట్టు. మూడు అమైనో ఆమ్లాలతో ఎంజైమును మోసగించడం నాకు చాలా నచ్చిన పని. క్లాసులో ఎంజైముల పాఠం చెప్పిన రోజుల్లో ఈ ఉదాహరణ తెలియకపోయిందే అని ఇప్పుడు బాధ పడుతుంటాను.

మా ఇంట్లోని మీటరు ఆ వంశానిదే. దాని స్ట్రిప్పులో రెండు ముఖ్యమైన పదార్థాలు ఎండబెట్టి ఉంటాయి. మొదటిది థ్రాంబోప్లాస్టిన్, ఇది రక్తాన్ని గడ్డకట్టే దారిలోకి నెడుతుంది. రెండోది థ్రాంబిన్ కోయడానికి వీలుగా తయారుచేసిన చిన్న పెప్టైడ్. దీని తోకకు రంగునిచ్చే పదార్థానికి బదులు, ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటు పుట్టించే చిన్న అణువు తగిలించి ఉంటుంది. చుక్క పడినప్పటి నుంచి తగినంత థ్రాంబిన్ తయారై, ఆ తోకలు తెగి, కరెంటు ఒక స్థాయి దాటడానికి ఎన్ని సెకన్లు పట్టిందో మీటరు కొలిచి, దాన్ని ఐఎన్‌ఆర్‌గా మార్చి చూపుతుంది. అంటే ఈ మీటరు గడ్డను చూడనే చూడదు. గడ్డ కట్టించే కత్తి పదునెక్కిందా లేదా అన్నది, ఒక నకిలీ పెప్టైడ్ తెగిన సవ్వడిని బట్టి చెబుతుంది.

ల్యాబ్‌లో పెద్ద యంత్రం అలా కాదు. మోచేతి నుంచి తీసిన రక్తాన్ని, అది గడ్డ కట్టకుండా ఆపే సిట్రేటు ఉన్న గొట్టంలో పోసి, ఎర్రకణాలను వేరు చేసి, మిగిలిన ప్లాస్మాకు థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి, నిజంగా ఫైబ్రిన్ గడ్డ కట్టే క్షణాన్ని పట్టుకుంటుంది. ఆర్మాండ్ క్విక్ 1935లో ప్రకటించిన ప్రోథ్రాంబిన్ టైమ్ పరీక్షకు అది నేరు వారసురాలు. ఒక్కో ల్యాబ్ వాడే రసాయనాన్ని బట్టి సెకన్లు మారిపోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఐఎన్‌ఆర్ లెక్కను తెచ్చింది. మందు వాడని ఆరోగ్యవంతులకు అది 1 దగ్గర ఉంటుంది.

ఈ తేడా వల్ల వచ్చే చిక్కులు చూడండి. ఫైబ్రినోజెనే తక్కువగా ఉన్న రోగి విషయంలో, ఉదాహరణకు లివర్ బాగా దెబ్బతిన్నవారిలో, మీటరుకు ఆ కొరత తెలియదు. పెప్టైడ్ స్ట్రిప్పులోనే ఉంది కాబట్టి అది తెగితే చాలు. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (గడ్డకట్టే పరీక్షలను తప్పుదారి పట్టించే ఒక రకం ప్రతిరక్షకాలు) ఉన్నవారికి ఇది ఉన్నదానికంటే ఎక్కువ అంకె చూపే అవకాశం ఉందని కంపెనీ కాగితంలోనే రాసి ఉంది. హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వంతు, 25 నుంచి 55 శాతం మధ్య ఉన్న రక్తానికే ఈ స్ట్రిప్ పనికొస్తుంది. రక్తహీనత ఇంటింటి సమస్య అయిన మన దగ్గర ఈ చివరి షరతును ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కొనేముందు ఒకసారి రక్తపరీక్ష చేయించి ఆ అంకె చూసుకోవాలి. మా ఆవిడకు అప్పుడు 34 శాతం వచ్చింది కాబట్టి ముందుకు వెళ్లాం.

కచ్చితత్వం గురించి అమ్మేవాళ్లు చెప్పే మాటలు పక్కన పెట్టండి. ఇలాంటి మీటర్లకు 2007లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం, ఐఎన్‌ఆర్ 2 నుంచి 4.5 మధ్య ఉన్నప్పుడు పదింట తొమ్మిది ఫలితాలు ల్యాబ్ అంకెకు 30 శాతం అటూ ఇటూ లోపల ఉంటే చాలంది. కాగితం మీద చూస్తే ఇది భయపెట్టే సడలింపు: ల్యాబ్‌లో 3.0 అయితే మీటరు 2.1 చెప్పినా, 3.9 చెప్పినా ప్రమాణం ప్రకారం పాసే. మా అనుభవం అంతకంటే చాలా మెరుగు. మొదటి ఆరు నెలలూ మీటరు చూసిన గంటలోపే ల్యాబ్‌కు వెళ్లి పోల్చి చూశాం, మీటరు 3.3 అంటే ల్యాబ్ 3.1, మీటరు 2.6 అంటే ల్యాబ్ 2.5 వచ్చాయి. అంకె పెరిగేకొద్దీ మాత్రం మీటరు పైకి లాగుతుంది. ఒకసారి మా ఆవిడ పంటి నొప్పికి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటూ, తాను ఎసినోకూమరాల్ వాడుతున్న సంగతి పళ్ల డాక్టరుకు చెప్పడం మరిచిపోయింది. ఆ మందు ఐఎన్‌ఆర్‌ను బాగా పెంచుతుంది. ఐదో రోజున మీటరు 4.9 చూపించింది. వెంటనే ల్యాబ్‌కు వెళ్తే 4.3 వచ్చింది. అంకె తేడా ఉన్నా హెచ్చరిక సరైనదే. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి మాత్ర సర్దుబాటు చేయించుకున్నాం. పాత పద్ధతిలో అయితే ఇంకో మూడు వారాల తర్వాత గానీ ఈ సంగతి తెలిసేది కాదు.

పై అంకెల దగ్గరి ఈ బలహీనత పెద్ద ఎత్తునే బయటపడిన సందర్భం ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చిన కొత్త ప్రామాణికానికి అనుగుణంగా స్ట్రిప్పులను మళ్లీ సరిచేశాక, 4.5 కంటే పై అంకెలు ఉన్నదానికంటే ఎక్కువగా వస్తున్నాయని తేలి, 2018లో ఈ మీటరు స్ట్రిప్పులను కంపెనీ అమెరికాలో వెనక్కి పిలిచింది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దాన్ని అత్యంత తీవ్రమైన మొదటి తరగతి రీకాల్‌గా లెక్కించింది. పదకొండు లక్షలకు పైగా డబ్బాలు అందులో ఉన్నాయి. పాత కథే కదా అని వదిలేయకుండా, మేము ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: 4.5 దాటిన ఏ అంకెనూ ల్యాబ్ చెప్పేదాకా అంకెగా చూడం, హెచ్చరిక గంటగా మాత్రమే చూస్తాం.

గుంటూరు ఎండల సంగతి విడిగా చెప్పాలి. స్ట్రిప్పులను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. మీటరును 18 నుంచి 32 డిగ్రీల మధ్య వాడాలి. ఎండబెట్టిన ప్రోటీన్లకు, పెప్టైడ్‌లకు వేడి, తేమ రెండూ శత్రువులే. మే నెలలో మా ఇంట్లో ఏసీ వేయని గదిలో 36 డిగ్రీలు ఉంటుంది. అందుకే డబ్బా ఫ్రిజ్ తలుపు అరలో ఉంటుంది, పరీక్ష ఏసీ గదిలో జరుగుతుంది, డబ్బాలోంచి తీసిన స్ట్రిప్పును పది నిమిషాల్లోపు వాడేస్తాం. నిరుడు మే నెలలో ఆన్‌లైన్‌లో ఒక దుకాణం నుంచి తెప్పించిన పార్సిల్‌ను కొరియర్ కుర్రాడు మధ్యాహ్నం గేటు మీద పెట్టి వెళ్లిపోయాడు. మేము చూసేసరికి నాలుగు గంటలైంది, అట్టపెట్టె చేత్తో పట్టుకోలేనంత కాలిపోతోంది. స్ట్రిప్పులో లోపలే ఉండే నాణ్యత పరీక్ష వేడికి, తేమకు పాడైన స్ట్రిప్పును పట్టుకుంటుందని కంపెనీ అంటుంది. నిజమే, ఆ డబ్బాలోని మొదటి స్ట్రిప్పును మీటరు తిప్పికొట్టింది. డబ్బు వెనక్కి అడిగితే దుకాణం వారు, ఎండకు తాము బాధ్యులం కాదన్నారు. ఆ తర్వాత నుంచి ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే మందుల షాపులోనే, గడువు తేదీ కళ్లారా చూసుకుని కొంటున్నాం.

ఖర్చు ఎక్కువే. మీటరు ఒక్కసారి కొనేది కాబట్టి దాన్ని మరిచిపోవచ్చు గానీ, ఒక్కో స్ట్రిప్ ధర మా ఊళ్లో ల్యాబ్ పరీక్ష ధర కంటే ఎక్కువ. ఆటో చార్జీలు, పోయిన పూట కలిపితే లెక్క కొంత సమానమవుతుంది. ల్యాబ్ పక్క వీధిలోనే ఉన్నవారికి ఆ సమర్థన కూడా ఉండదు. నా అభిప్రాయంలో ఈ డబ్బు సౌకర్యానికి కాదు, తరచుగా చూడగలగడానికి. రెండు వారాలకొకసారి చూస్తే, అంకె గీత దాటకముందే ఎటు మళ్లుతోందో కనిపిస్తుంది. మీటరు జ్ఞాపకంలో తేదీ, సమయంతో సహా పాత ఫలితాలు ఉంటాయి గానీ, మా ఆవిడ పాత డైరీలో పెన్నుతో రాసుకున్న పట్టికే డాక్టరుకు ఎక్కువ నచ్చింది.

ఆ పట్టికలో అంకెతో పాటు ఆ వారం ఏం తిన్నామో కూడా రాస్తుంది. ఈ మాత్ర విటమిన్ కె పనిని అడ్డుకుని, లివర్ తయారుచేసే గడ్డకట్టే కారకాల్లో నాలుగింటిని, అంటే రెండు, ఏడు, తొమ్మిది, పది అనే అంకెలతో పిలిచేవాటిని, బలహీనపరుస్తుంది. వీటిలో రెండు అనే అంకె ఉన్నదే ప్రోథ్రాంబిన్, అంటే థ్రాంబిన్ అనే కోసే కత్తికి ముడి ఇనుము. ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. ఆపరేషన్ అయిన కొత్తలో బంధువులందరూ ఆకుకూరలు మానేయమన్నారు. గోంగూర మానేయమని గుంటూరు మనిషికి చెప్పడం సులువే, మానడమే కష్టం. డాక్టరు మాత్రం, "మానక్కర్లేదమ్మా, వారం వారం ఒకేలా తినండి, దానికి తగ్గట్టు మాత్ర సరిచేద్దాం" అన్నారు. మీటరు వచ్చాక ఆ మాటను పరీక్షించి చూశాం. వారానికి రెండు పూటలు ఆకుకూర అన్న పద్ధతి పాటించినప్పుడు అంకె 2.7, 3.1 మధ్యనే కదిలింది. శ్రావణంలో చెల్లెలి ఇంటికి వెళ్లి వారం పాటు రోజూ మునగాకు, తోటకూర, గోంగూర తిని వచ్చినప్పుడు 2.1కి పడింది. ఏడో కారకం కొన్ని గంటల్లోనే పెరిగినా తరిగినా, ప్రోథ్రాంబిన్ మారడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి మాత్ర మార్చిన మర్నాడే స్ట్రిప్ ఖర్చు పెట్టి చూడటం దండగ అని కూడా అప్పుడే నేర్చుకున్నాం.

కాబట్టి ఎవరు కొనాలంటే: జీవితాంతం ఈ మాత్ర వాడాల్సినవారు, ఇంట్లో వేలు గుచ్చి చుక్క సరిగ్గా వేయగల మనిషి ఒకరు ఉన్నవారు, ఫలితాన్ని ఫోన్‌లో విని మాత్ర సర్దుబాటు చెప్పే డాక్టరు ఉన్నవారు. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా కొనవద్దు; అంకె చూసి సొంతంగా మాత్ర విరిచి వేసుకోవడం ల్యాబ్‌కు వెళ్లకపోవడం కంటే ప్రమాదం. వార్ఫరిన్, ఎసినోకూమరాల్ కాక కొత్త రకం మందులు, అంటే అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటివి వాడేవారికి ఈ మీటరు అక్కరకు రాదు. అన్నట్టు మెకానికల్ వాల్వు ఉన్నవారికి ఆ కొత్త మందులు పనికిరావు కాబట్టి, మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో, చింతపండు పులుసు సీసా పక్కన, ఈ డబ్బా ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది.